సిగ్నల్ దగ్గర చల్లబడని కారు

షెడ్డు, బిల్లుల బల్ల దగ్గర నుంచి
సోమవారం

ఏమండీ,

మీరు కులాసాగా, ముఖ్యంగా నోరు మూసుకుని ఉన్నారని తలుస్తాను. ఇది వెటకారం కాదు, డాక్టరమ్మ మాట. గొంతులో కాయలు తీసేశాం, మూడు నెలలు గుసగుసలు కూడా పనికిరావు అని ఆవిడ చెబుతుంటే మీరు "అలాగేనండీ" అని పైకే అన్నారు. అప్పుడే నిశ్చయించుకున్నాను, ముప్పై ఏళ్ళు హాస్టల్ వార్డెన్‌గా చేసిన వదిన దగ్గరైతే తప్ప మీ నోటికి తాళం పడదని. మీ ఫోను కూడా ఆవిడ బీరువాలో పెట్టేసిందట, మంచి పని చేసింది. మెసేజీలు మనకు అచ్చిరావు. ఆస్పత్రి మంచం మీద నుంచి మీరు "గ్యాస్ చూడు" అని పంపబోయి "గాడిదను చూడు" అని పంపారు. నేనూ సుత్తి బాబాయీ షెడ్డు వెనక్కి వెళ్ళి నిజంగానే చూసొచ్చాం.

షెడ్డు రోజూ తీస్తున్నాను. మన సగంలో కార్ల ఏసీలు, తన సగంలో బాబాయి సొట్టలు తీసే పని, మామూలే. రేకు మీద ఆయన సుత్తి పడుతూనే ఉంటుంది. ఆ చప్పుడుకి ఆయన చెవులు పోయాయి, ఆ చెవులకి వినబడేలా ఇరవై ఏళ్ళు అరిచి మీ గొంతు పోయింది. డాక్టరమ్మతో ఈ సంగతి చెబితే నవ్వింది గాని కాదనలేదు.

వచ్చినవాళ్ళు "మేస్త్రీ లేడా" అంటారు. "ఉన్నారు గాని మాట్లాడరు" అంటే సగం మంది వెనక్కి తిరిగిపోతున్నారు. ఇవాళ మాత్రం వెళ్ళని మనిషి వచ్చింది, పెద్ద టీచరుగారు. రిటైరయ్యాక డ్రైవింగు నేర్చుకుని, ఎనభై ఎనిమిదేళ్ళ తండ్రిని వారానికి రెండుసార్లు కాలి వ్యాయామాల ఆస్పత్రికి స్వయంగా తీసుకెళ్ళే ఆవిడ. కారు ఏసీ చల్లబడదని కాదు, చల్లబడటానికి మరీ ఆలస్యం చేస్తోందని మళ్ళీ తెచ్చింది. నాలుగు నెలల్లో ఇది నాలుగోసారి. మూడుసార్లూ మీరు గ్యాస్ నింపి పంపారు. ఈసారి ఏం చెయ్యమంటారు? బాబాయి చేత చూపించమంటే చూపిస్తాను.

మందులు వేళకి వేసుకోండి. వదినకి నమస్కారాలు.

మీ
శ్రీమతి

*

అక్కయ్య ఇల్లు, మేడ మీద గది
గురువారం

శ్రీమతికి,

ఇందులో ఇంత ఉత్తరం రాయాల్సింది ఏముంది? గ్యాస్ తగ్గి ఉంటుంది. గ్యాస్ ఒత్తిడి చూపే గేజీలు బాబాయికి ఇచ్చి తగిలించమను. నీలంది ఒకవైపు, ఎర్రది ఒకవైపు. ముల్లు ఎక్కడుందో చూసి నాకు రాయి. గ్యాస్ సరిగ్గానే ఉంటే కంప్రెసరు బలహీనపడిందన్నమాట. కొత్తది తెప్పించాలని ఆవిడకి చెప్పెయ్. ఆవిడ మర్యాదస్తురాలు, మాట్లాడకుండా ఒప్పుకుంటుంది.

నువ్వు మాత్రం బోనెట్ కింద తల పెట్టకు. జడ బెల్టులో పడితే నేను ఇక్కణ్ణుంచి అరవడానికి కూడా లేదు.

ఇక్కడ నా సంగతి అడిగావు కాదు. మెడలో పలక కట్టుకుని తిరుగుతున్నాను. నేను తిరిగి సమాధానం చెప్పలేనని తెలిసిన దగ్గర్నుంచి అక్కయ్య నా తప్పులన్నీ వరసగా చెబుతోంది. ఏడేళ్ళప్పుడు ఆవిడ జామెట్రీ బాక్సు నేను విరగ్గొట్టిన రోజుతో మొదలుపెట్టింది. నిన్నటికి నా పద్నాలుగో ఏడుకి వచ్చింది. ఇంకా నలభై ఏళ్ళు మిగిలున్నాయి. మూడు నెలలు సరిపోతాయని ఆవిడ అంచనా. "అది నేను కాదు" అని పలక మీద రాస్తే, అక్షరం బాగోలేదని తుడిచేసింది.

గేజీల సంగతి వెంటనే రాయి.

ఇట్లు
నీ భర్త

*

షెడ్డు
మంగళవారం

ఏమండీ,

మీరు చెప్పినట్టే బాబాయి గేజీలు తగిలించాడు. ఇంజను ఆడుతూ కారు నిలబడి ఉన్నప్పుడు నీలం ముల్లు ఉండాల్సిన చోటికంటే ఒక పిసరు పైన ఉంది. ఎర్ర ముల్లు మాత్రం నిమిషం నిమిషానికీ మెట్లెక్కినట్టు పైకి పోతూనే ఉంది. గ్యాస్ మొత్తం తీసి, తూకం వేసి, మళ్ళీ నింపాడు. తక్కువా లేదు, ఎక్కువా లేదు. ఏసీ నొక్కిన వెంటనే కంప్రెసరు టక్కున అందుకుంటోంది. డ్యాష్‌బోర్డు వెనక ఫిల్టరు తీసి చూశాడు, శుభ్రంగా ఉంది. ముందు జాలీ వెనకున్న కండెన్సరుని నీళ్ళతో కడిగాడు. ఒక ఎండుటాకు, రెండు చచ్చిన సీతాకోకచిలుకలు తప్ప ఏమీ రాలేదు. దాని వెనక ఫ్యాను కూడా తిరుగుతోంది, బాబాయి చూశాడు.

ఇవన్నీ అయ్యాక ఏం చెయ్యాలో తోచక, గాలి వచ్చే కంతలో థర్మామీటరు గుచ్చి, టీచరుగారి పక్కన కూర్చుని ఊరంతా తిరిగాను. బాబాయి రానన్నాడు, ఆవిడ డ్రైవింగు చూసి కాదు, లెక్కలు అడుగుతుందేమోనని. అప్పుడు ఆవిడ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. నాలుగు నెలలుగా ఏసీకి హాజరుపట్టీ రాస్తోందండీ ఆవిడ. తేదీ, చోటు, చల్లబడటానికి పట్టిన నిమిషాలు, చివర "ప్రవర్తన" అని ఒక గడి. అందులో "పరవాలేదు", "శ్రద్ధ లోపించింది", "రైలు గేటు దగ్గర మరీ అధ్వాన్నం" అని రాసి ఉంది.

ఆ పుస్తకం చూస్తే ఒక్కటి తెలుస్తుంది. పెద్ద రోడ్డు మీద సాఫీగా పోతుంటే నాలుగు నిమిషాల్లో హాయిగా చల్లబడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగామా, మూడు నిమిషాల్లో మళ్ళీ ఉక్కపోత. అలా నిలబడి ఉంటే పదకొండు నిమిషాలైనా దారికి రాదు, ఇంజను వేడి ముల్లు కూడా సగం దాటుతోంది. నేను పక్కనుండి చూసినా అదే జరిగింది.

ఇంకో మాట. పోయిన గురువారం రైలు గేటు దగ్గర గూడ్సు బండి పోతూ పోతూ ఇరవై నిమిషాలు పట్టిందట. వెనక సీట్లో పెద్దాయన కళ్ళు తిరిగి తల వాల్చేశాడు. ఆవిడ తలుపులన్నీ తీసి, అట్టముక్కతో విసిరి, నీళ్ళు తాగించి ఎలాగో ఇంటికి చేర్చింది. అప్పట్నుంచి ఆయన కారెక్కనంటున్నాడు. వ్యాయామం ఆగితే ఆ కాలు మళ్ళీ బిగుసుకుంటుందని డాక్టర్లు. ఈ వయసులో నీకు డ్రైవింగేంటి, అమ్మెయ్ అని చుట్టాలు. ఆవిడ నాతో అన్న మాట ఇది: "మేస్త్రీగారు కంప్రెసరంటే కంప్రెసరే వేయిద్దామమ్మా. ఆయన మాట మీద నాకు నమ్మకం. అదీ కుదరకపోతే కారు అమ్మేస్తాను."

నిలబడితే వేడి, పరిగెడితే చలి. కంప్రెసరు అయితే రెండు చోట్లా ఒకలాగే ఉండాలి కదా అని నా మట్టిబుర్రకి అనిపించింది. మీరేమంటారు?

మీ
శ్రీమతి

*

అక్కయ్య ఇల్లు
ఆదివారం

ప్రియమైన శ్రీమతికి,

నీ ఆరోగ్యం ఎలా ఉంది? మోకాలి నొప్పికి నూనె రాసుకుంటున్నావా? ఎక్కువసేపు నిలబడకు. షెడ్డులో ఎండ పడే వైపు కూర్చోకు. బాబాయిని అడిగానని చెప్పు.

నీ ఉత్తరం చదివాను. పెద్దాయన సంగతి విని చాలా బాధపడ్డాను. కారు గురించి అయితే తొందరేమీ లేదు. నా అనుమానం ఫిల్టరు మీద ఉంది. ఫిల్టరు చూడటానికి శుభ్రంగా ఉంటుంది, లోపల మడతల్లో సన్నని దుమ్ము కూర్చుంటుంది. దుమ్ము అనేక రకాలు. సిమెంటు దుమ్ము వేరు, రోడ్డు దుమ్ము వేరు. పూల పుప్పొడి కూడా ఒక రకమైన దుమ్మే. కనక కొత్త ఫిల్టరు ఒకటి వేసి చూడండి. అప్పటికీ మార్పు లేకపోతే ఇంకో కంపెనీ ఫిల్టరు వేసి చూడండి.

కంప్రెసరు ఇప్పుడే తెప్పించవద్దు. నేను వచ్చాక స్వయంగా చూస్తాను. రెండు నెలలేగా. అంతవరకు టీచరుగారిని తెల్లవారుజామునే ఆస్పత్రికి వెళ్ళమను, ఆ వేళకి సిగ్నల్ దగ్గర ఆగే పని ఉండదు.

ఫ్యాను బాగానే ఉంటుంది. దాని జోలికి పోకండి.

అక్కయ్య నన్ను బాగా చూసుకుంటోంది.

ప్రేమతో
నీ భర్త

అడుగున అక్కయ్య రాసింది: అమ్మాయ్, మీ ఆయన ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు తీసుకున్నాడు. మూడు చిత్తులు చింపాడు. చెత్తబుట్టలో ముక్కలు ఏరి చూశాను, మూడింటిలోనూ "ఫ్యాను" అని రాసి కొట్టేశాడు. హాస్టల్లో పిల్లలు ఇలాంటి ఉత్తరాలు రాసినప్పుడు పెట్టెలు సోదా చేసేదాన్ని. ఆపైన నీ ఇష్టం.

*

షెడ్డు
శుక్రవారం

మేస్త్రీగారికి,

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో మీరు నన్ను "ప్రియమైన" అనడం ఇదే మొదలు. కవరు చింపి ఆ మాట చదవగానే, ఉత్తరం నాకేనా అని పైన అడ్రసు మళ్ళీ చూశాను. తరవాత నా మోకాలు, ఆ తరవాత దుమ్ములో రకాలు. పూల పుప్పొడి దాకా వచ్చేసరికి మీరు ఏదో దాస్తున్నారని తెలిసిపోయింది. ఫిల్టరుకి ఒక పేజీ, ఫ్యానుకి ఒక్క వాక్యం, అదీ జోలికి పోవద్దని. వదిన రాయకపోయినా నేను పోయేదాన్నే.

పోయాను. టీచరుగారి కారు షెడ్డులోనే ఉంది. ఇంజను వేసి, ఏసీ పెట్టి, మీ ఉత్తరం ఒక చేత్తో పట్టుకుని ముందు జాలీలోంచి ఫ్యాను కేసి తొంగి చూశాను. ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోంది. నేను ఇంకాస్త వంగేసరికి ఉత్తరం నా చేతిలోంచి లేచి, ఎగిరి, బాబాయి రంగు డబ్బాల మధ్య పడింది. మొహానికి వేడిగాలి కొట్టింది. నాకు ఏమీ అర్థం కాలేదు. బాబాయి ఉత్తరం తీసి, దులిపి ఇచ్చాడు. మళ్ళీ జాలీ దగ్గర పెట్టాను, మళ్ళీ తోసేసింది. అప్పుడు పక్కనే సర్వీసుకి వచ్చిన ఇంకో కారుకి ఇంజను వేసి, దాని జాలీ దగ్గర పెట్టాను. అక్కడ కాగితం పీల్చుకుని అంటుకుపోయింది, పీకితే గాని రాలేదు.

ఆ ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగాలి, అప్పుడే కండెన్సరు చల్లబడుతుంది. టీచరుగారి కారులో అది ఇంజను వేడినంతా ముందుకి తోస్తోంది. రోడ్డు మీద పరిగెడితే ఎదురుగాలి దాన్ని లెక్కచెయ్యదు, నిలబడితే దానిదే రాజ్యం. ఫ్యాను తిరుగుతోందా అని అందరం చూశాం. ఎటు తిరుగుతోందో ఒక్కరం చూడలేదు.

బోల్టులు విప్పి మోటారు తీగల దాకా వెళ్ళాను. ప్లగ్గు లేదు. తీగలు కోసి కలిపి, పైన నల్ల టేపు చుట్టి ఉంది. ఎడమ నుంచి కుడికి మూడు చుట్లు, చివర మెలిక. ఆ చుట్టు ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా? మన ఇస్త్రీపెట్టె వైరుకి ఉన్నది అదే. టీచరుగారి పుస్తకంలో మొదటి తేదీ చూశాను. ఫ్యాను గరగరలాడుతోందని వస్తే మీరు మోటారు మార్చిన రోజుకి మర్నాడు.

రెండు తీగలు అటూ ఇటూ మార్చి కలిపాను. నిలబడి ఉన్న కారు, మధ్యాహ్నం రెండు గంటల ఎండ, ఐదు నిమిషాల్లో అద్దాలు లోపలి చలికి తడిగా అయ్యాయి. బాబాయి లోపల కూర్చుని బయటికి రానన్నాడు.

ఆగండి, నేను కూడా ఒకటి దాచాను, చెప్పేస్తాను. బాబాయి ఏ రోజూ గేజీలు ముట్టుకోలేదు. "నాకు సొట్టలు తప్ప ఏమీ తెలియవమ్మా" అని మొదటి రోజే చెప్పేశాడు. తగిలించింది, తూకం వేసింది, కడిగింది అంతా నేనే. బిల్లుల బల్ల దగ్గర కూర్చున్నంత మాత్రాన ఇరవై ఆరేళ్ళూ కళ్ళు మూసుకుని కూర్చోలేదు.

తీగలు తారుమారు కావడం నాకు పెద్ద తప్పుగా అనిపించలేదు. ఎవరికైనా జరుగుతుంది. నా ఉత్తరం చదవగానే మీకు సంగతి తెలిసిపోయింది. పెద్దాయన తల వాల్చేశాడని కూడా అందులోనే రాశాను. అది చదివి, మీరు నాకు దుమ్ము గురించి రాశారు.

శ్రీమతి

*

అక్కయ్య ఇల్లు
సోమవారం

నీకు,

నువ్వు రాసినదంతా నిజం. సిగ్నల్ దగ్గర వేడి, రోడ్డు మీద చలి అన్న వాక్యం దగ్గరే నాకు తెలిసిపోయింది. కొత్త మోటారు ప్లగ్గు పాతదానితో కలవలేదు, ఆ రోజు తొందరలో తీగలు కోసి కలిపాను. తిరిగింది కదా అని బోనెట్ మూసేశాను. తరవాత ఆవిడ మూడుసార్లు వచ్చి చెప్పింది, ఒక్కసారీ పూర్తిగా వినలేదు. ఆవిడ సగం చెప్పేలోపే నా చెయ్యి గ్యాస్ బండ మీద పడేది.

గేజీలు నువ్వే పట్టుకున్నావని కూడా తెలుసు. కళ్ళజోడు లేకుండా బాబాయి ముల్లు చదవలేడు, ఆ కళ్ళజోడు విరిగి ఏడాదైంది. తెలిసినా అడగలేదు. అడిగితే నువ్వు బాగా చేశావని కూడా ఒప్పుకోవాలి కదా.

మాట్లాడటం మానేసి నెల దాటింది. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని పాత సంగతులు తలుచుకుంటుంటే ఒకటి తట్టింది. షెడ్డులో నేను మరీ గట్టిగా అరిచిన రోజులన్నీ, తప్పు నాదైన రోజులే. బాబాయి చెవుల మీదికి నెట్టేశాం గాని, నా గొంతు పాడుచేసుకున్నది నేనే.

ఒక్క సాయం చెయ్యి. టీచరుగారితో ఫ్యూజు పోయిందని చెప్పు. ఫ్యూజు అయితే ఎవరి తప్పూ కాదు. ఆవిడ "ఆయన మాట మీద నాకు నమ్మకం" అన్నదని రాశావు. ఆ మాట పోగొట్టుకోవాలని లేదు.

నీ భర్త

*

షెడ్డు
శనివారం

ఏమండీ,

ఫ్యూజు అని చెబుదామనే అనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా.

మీ ఉత్తరం చేరిన రోజు సాయంత్రమే టీచరుగారు కారు కోసం వచ్చింది. ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చుని, బజారు కూడలిలో సిగ్నల్ దగ్గర కావాలనే రెండుసార్లు ఎర్రలైటుకి ఆపించాను. ఆవిడ గడియారం చూసుకుంటూ కూర్చుంది. చల్లదనం చెక్కుచెదరలేదు. పుస్తకంలో "ప్రవర్తన" గడిలో "చాలా బాగుంది" అని రాసి, కింద గీత కూడా గీసింది. తరవాత పెన్ను మూతపెట్టి అడిగింది, "ఇంతకీ ఏమిటమ్మా జబ్బు?"

ఆవిడ ముప్పై ఏళ్ళు పిల్లల మొహాలు చూసిన మనిషి. నేను "ఫ్యూ" అనేలోపే కళ్ళద్దాలు కిందికి దించి చూసింది. అంతే, మొత్తం చెప్పేశాను. మోటారు మార్చిన రోజు, తీగలు, టేపు, మూడుసార్లు గ్యాసు, దుమ్ములో రకాలు, అన్నీ.

పచ్చలైటు పడి వెనకాల వాళ్ళు హారన్లు కొడుతున్నా ఆవిడ కారు కదల్చలేదు.

"నాన్న తల వాల్చేసిన రోజు ఎవరిని కోప్పడాలో తెలియక ఈ కారునే తిట్టానమ్మా," అంది. "పాపం, దీని తప్పేం లేదన్నమాట."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పు మాదే, ఏమన్నా పడతాం అన్నాను.

"ఎవరు కనుక్కున్నారు?"

"నేనే."

"మేస్త్రీగారు మాట్లాడకూడదు కదా. రాయొచ్చు కదూ? ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఆయన చేత్తో ఒక పేజీ రాసిమ్మను. ఎడమవైపు మార్జిను వదలమను."

ఆ తరవాతే గేరు వేసింది. శిక్ష అదేనండీ, ఒక పేజీ. మన షెడ్డుకి మళ్ళీ వస్తుందా రాదా అన్నది ఆ పేజీ చూశాక చెబుతుందట. నేను మాత్రం దానికి సాయం చెయ్యను. ఒక్క ముక్క అందివ్వను.

మొన్న మీరు గొంతు సంగతి రాశారు. అది నేను నాలుగుసార్లు చదివాను. దాని గురించి ఉత్తరంలో కాదు, మీరొచ్చాక మాట్లాడదాం. అంటే నేను మాట్లాడతాను.

మీ
శ్రీమతి

*

అక్కయ్య ఇల్లు
బుధవారం

ఏమోయ్,

పేజీ ఇందులో పెట్టాను. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ పట్టింది. మార్జిను స్కేలుతో గీశాను. అక్కయ్య పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది, పలక మీద రాసి ఎంత బతిమాలినా ఒక్క మాట చెప్పలేదు. మొదట రాసినదాంట్లో ప్లగ్గుల కంపెనీని తిట్టాను. చదివి చింపేశాను. రెండోదాంట్లో నా గొంతు నొప్పి గురించి ఎక్కువైంది. ఆఖరికి ఇలా తేలింది. నువ్వూ చదువు.

"అమ్మా, మీ కారు ఫ్యాను మోటారు మార్చినప్పుడు తీగలు తారుమారుగా కలిపాను. ఫ్యాను తిరగడం చూశాను, ఎటు తిరుగుతోందో చూడలేదు. అది పొరపాటు. ఆ తరవాత మీరు మూడుసార్లు వచ్చి ఫలానా చోట చల్లబడటం లేదు అని చెప్పబోయారు. నేను వినకుండా గ్యాస్ నింపాను. అది పొరపాటు కాదు, పొగరు. తరవాత సంగతి తెలిసి కూడా పది రోజులు దాచాను. అది పిరికితనం. మీ నాన్నగారికి జరిగినదానికి క్షమాపణ అడగడానికి నాకు మాట లేదు. గొంతు బాగుపడ్డాక ఆయన దగ్గరికే వచ్చి అడుగుతాను. తప్పు పట్టుకున్నది నా భార్య. ఆమెకి నేను పని నేర్పలేదు. చూసి నేర్చుకుంది."

అక్కయ్య చదివి, మడిచి, తనే కవర్లో పెట్టింది. మధ్యలో ఆపిన నా తప్పుల చరిత్రని మళ్ళీ ఎత్తలేదు. మధ్యాహ్నం నా ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. నేనింకా ముట్టుకోలేదు.

నిన్న డాక్టరమ్మ చూసింది. గాయం అనుకున్నదానికంటే ముందే మానింది, రోజుకి పది నిమిషాలు నెమ్మదిగా మాట్లాడొచ్చు అంది. వచ్చే గురువారం బస్సుకి వస్తున్నాను. ఆ పది నిమిషాల్లో మొదటి రోజువి పెద్దాయనకి. మిగతా రోజులవి ఎలా ఖర్చు పెట్టాలో తెలియడం లేదు. పలక కూడా తెస్తున్నాను.

నీ భర్త

*

షెడ్డు
ఆదివారం

ఏమండీ,

మీ పేజీ టీచరుగారికి నిన్న ఇచ్చాను. నా ఎదురుగానే బల్ల మీద పరిచి, సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి దిద్దింది. "తారుమారు" దగ్గర దీర్ఘం సరిగ్గా కనబడలేదట, చుట్టూ సున్నా చుట్టింది. "పొగరు" కింద గీత గీసి, పక్కన "సరైన పదం" అని రాసింది. ఆఖరి మూడు వాక్యాల దగ్గర పెన్ను ఆపి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. మార్కులు వెయ్యలేదు. అడుగున "మళ్ళీ చూపించండి" అని రాసి సంతకం చేసింది. అంటే మళ్ళీ వస్తుందనే కదా. నాకలాగే అర్థమైంది.

పెద్దాయన నిన్న కారెక్కాడు. ముందు ఒక కాలు పెట్టి, గాలి వచ్చే కంత మీద చెయ్యి ఉంచి, కాసేపు ఆలోచించి, అప్పుడు రెండో కాలు పెట్టాడు. రైలు గేటు దగ్గర గూడ్సు బండికే దొరికారట. చలేస్తోంది, తగ్గించమ్మా అన్నాడని చెబుతూ ఆవిడ నవ్వింది. మీరు వస్తారని ఆవిడ చేత పెద్దాయనకి చెప్పించాను. "రానివ్వు. నాక్కూడా చెవులు సరిగ్గా వినబడవు, ఆయన కూడా గట్టిగా మాట్లాడకూడదు. ఇద్దరం ఎలా మాట్లాడుకుంటామో చూద్దాం" అన్నాడట.

ఇక నా సంగతి. షెడ్డుకి వచ్చినవాళ్ళు "మేస్త్రీ లేడా" అనడం తగ్గించారు. బల్ల దగ్గరికి వచ్చి నేరుగా జబ్బు చెప్పడం మొదలుపెట్టారు. నేను మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వింటున్నాను. చెప్పాల్సింది సగం వాళ్ళే చెప్పేస్తున్నారు. మీరు వచ్చాక మళ్ళీ బల్ల వెనక్కి పోతానని మాత్రం అనుకోకండి. బిల్లులు మీరు రాయండి, దానికి గొంతు అక్కర్లేదు. గుండ్రటి అక్షరాలు మీకు ఇప్పుడు బాగానే వస్తున్నాయి కూడా.

ఇప్పుడే ఒక కారు వచ్చి నిలబడింది. ఒక డాక్టరుగారిది. ఎడమవైపు కూర్చున్నవాళ్ళకి గడగడ వణుకు, కుడివైపు కూర్చున్నవాళ్ళకి చెమటలు. భార్యాభర్తలు దారి పొడుగునా సీట్లు మార్చుకుంటూ వచ్చారట. ఇంకా బోనెట్ ఎత్తలేదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి, మొదలుపెడతాను.

మీకు చదవగానే తెలిసిపోయి ఉంటుంది.

చెప్పకండి.

మీ
శ్రీమతి